ఇంధన భారం – కార్మిక కుటుంబం – మన కర్తవ్యం

ప్రతి నెలా మొదటి వారంలో కార్మికుని చేతికి రెండు కాగితాలు వస్తాయి. ఒకటి జీతం చీటి, రెండవది కరెంటు బిల్లు. మొదటి కాగితంలోని ప్రతి అంకెను మన సభ్యులు క్షుణ్ణంగా పరిశీలిస్తారు. కరువు భత్యం ఎంత పెరిగింది, ప్రావిడెంటు ఫండుకు ఎంత కోత పడింది, ఓవర్‌టైము గంటలు సరిగా లెక్కించారా లేదా అని గేటు దగ్గరే చర్చిస్తారు. పది రూపాయల తేడా వచ్చినా యూనియను ఆఫీసు మెట్లెక్కుతారు. ఇది మంచి అలవాటు. దశాబ్దాల పోరాటాలలో అలవడిన గుణం.

కాని రెండవ కాగితాన్ని మాత్రం చదివేవారు అరుదు. చివరి పంక్తిలోని మొత్తాన్ని చూచి, నిట్టూర్చి, చెల్లించి వస్తారు. ఎన్ని యూనిట్లు కాలినవి, రీడింగు ఏ తేదీన తీశారు, ఏ స్లాబు రేటు వేశారు, కిందటి నెలకూ ఈ నెలకూ తేడా ఎందుకు వచ్చింది అని అడిగేవారు నూటికి ఇద్దరు ముగ్గురు కూడ ఉండరు. నెలల తరబడి చర్చలు జరిపి, సమ్మె నోటీసులిచ్చి, వేతన ఒప్పందంలో సాధించుకొన్న వందల రూపాయలు మీటరు పెట్టెలోను, గ్యాసు బండలోను చప్పుడు లేకుండ జారిపోతున్నవి. చిల్లికుండను పట్టుకొని బావి దగ్గర ఎంతసేపు నిలబడినా ప్రయోజనం లేదు. కావున ఈ సంచికలో ఈ విషయాన్ని సభ్యుల ముందు సవివరంగా ఉంచదలచుకొన్నాము.

ముందుగా ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి ఉన్నది. "ధరలు పెంచేది ప్రభుత్వం, లాభాలు గుంజేది యజమానులు. ఆ మాట వదలిపెట్టి, దీపం ఆర్పండి, పంకా ఆపండి అని కార్మికునికి బోధించడమా? పొదుపు చేయమని చెప్పేది యజమాని పాట కాదా?" అని మన కార్యకర్తలలో కొందరు ప్రశ్నిస్తున్నారు. ఈ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. వేతనం పెంచమని అడిగినప్పుడు "ఖర్చు తగ్గించుకోండి" అని హితవు చెప్పిన యజమానులను మనమంతా చూచినవారమే. అయితే పొదుపు వేరు, లేమి వేరు. ఉండవలసిన వెలుతురు, గాలి, వండిన అన్నం తగ్గించుకోవడం లేమి. అదే వెలుతురును, అదే గాలిని, అదే అన్నాన్ని తక్కువ ఖర్చుతో పొందడం పొదుపు. మొదటిదానిని మనం ఎన్నడూ అంగీకరించము. రెండవదానిని వదలుకోవడం వలన నష్టపోయేది యజమాని కాదు, మనమే.

కరువు భత్యం దీనిని పూడ్చదు

ఈ సంగతి సూచిక లెక్కలో స్పష్టంగా కనిపిస్తుంది. మన కరువు భత్యానికి ఆధారమైన పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచికను కేంద్ర ప్రభుత్వ లేబర్ బ్యూరో 88 కేంద్రాల నుండి సేకరించిన ధరలతో తయారు చేస్తున్నది. 2016 సంవత్సరాన్ని ప్రాతిపదికగా తీసుకొన్న ప్రస్తుత శ్రేణి 2020 సెప్టెంబరు నుండి అమలులోకి వచ్చింది. అందులో ఇంధనం, వెలుతురు అనే పద్దుకు ఇచ్చిన బరువు నూటికి 5.50 మాత్రమే. అంతకుముందు 2001 శ్రేణిలో అది 6.43గా ఉండేది. కార్మికుని ఇంటి ఖర్చు నూరు రూపాయలయితే అందులో వంటచెరకు, గ్యాసు, కరెంటు అన్నీ కలిపి అయిదున్నర రూపాయలే అవుతుందని ఈ సూచిక భావిస్తున్నదన్న మాట. మీ ఇంటి లెక్క వేసి చూడండి. ఆ లెక్క మీ ఇంటికి సరిపోతున్నదో లేదో మీకే తెలుస్తుంది.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. సూచిక కొలిచేది ఒక నిర్ణీతమైన సరుకుల బుట్ట ధరలోని మార్పును మాత్రమే. రేటు పెరిగితే ఆ పెరుగుదలలో కొంత భాగమైనా ఆరు నెలలకో మూడు నెలలకో భత్యం రూపంలో తిరిగి వస్తుంది. కాని పాత పంకా వలన, చెడిపోయిన ఫ్రిజ్జి రబ్బరు వలన, తప్పుడు రీడింగు వలన ఎక్కువగా కాలిన యూనిట్లకు ఏ సూచికా, ఏ ఒప్పందమూ పరిహారం ఇవ్వవు. అది పూర్తిగా మన జేబు నుండి పోయేదే. కాంట్రాక్టు కార్మికులలోను, అసంఘటిత రంగంలోను అత్యధిక సంఖ్యాకులకు కరువు భత్యమనే ఆ కొద్దిపాటి రక్షణ కూడ లేదు.

ఒక్క యూనిటు విలువ

కరెంటు బిల్లులో అన్ని యూనిట్ల ధర ఒకటే కాదు. చాల రాష్ట్రాలలో వాడకం పెరిగిన కొద్దీ రేటు పెరిగే స్లాబు పద్ధతి అమలులో ఉన్నది. ఉదాహరణకు తెలంగాణలో 2022-23 టారిఫు ఉత్తర్వు నిర్ణయించిన గృహ వినియోగపు రేట్లను చూద్దాము. నెలకు 100 యూనిట్ల లోపు వాడిన ఇంటికి మొదటి 50 యూనిట్లకు యూనిటుకు 1.95 రూపాయలు, తరువాతి 50కి 3.10 రూపాయలు. వాడకం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి నూరింటికి 3.40, తరువాతి నూరింటికి 4.80. వాడకం 200 దాటినదా, మొదటి యూనిటు నుండే 5.10 చొప్పున లెక్కించి, 200 పైబడినవాటికి 7.70, 300 పైబడినవాటికి 9 రూపాయలు వేస్తారు.

దీని అర్థమేమి? 200 యూనిట్లు వాడిన ఇంటికి కరెంటు ఛార్జీ 820 రూపాయలు. 201 యూనిట్లు వాడిన ఇంటికి 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిటు ధర 207 రూపాయల 70 పైసలు! అట్లే 100 యూనిట్లకు 252 రూపాయల 50 పైసలు కాగా, 101 యూనిట్లకు 344 రూపాయల 80 పైసలు. స్థిర ఛార్జీలు, సుంకము వీటికి అదనం. 2024లో ఆ రాష్ట్రంలో ప్రారంభమైన గృహజ్యోతి పథకం క్రింద అర్హతగల కుటుంబాలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. కాని ఒక నెలలో వాడకం 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టవలసి వస్తుంది. అట్టి కుటుంబానికి 201వ యూనిటు ధర వెయ్యి రూపాయలకు పైమాటే.

ఆంధ్రప్రదేశ్‌లో లెక్క వేరు. అక్కడ స్లాబు దాటినా కింది స్లాబుల లాభం పోదు. 2022-23లో నిర్ణయించిన రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలతో మొదలై, 225 దాటిన యూనిట్లకు 8.75, 400 దాటినవాటికి 9.75 వరకు పెరుగుతుంది. దీనికి తోడు ఇంధన వ్యయ సర్దుబాటు పేరుతో యూనిటుకు ఇంత అని ఛార్జీలు వచ్చి పడుతున్నవి. ఢిల్లీలో 2019 ఆగస్టు నుండి 200 యూనిట్ల వరకు, కర్ణాటకలో 2023 నుండి సగటు వాడకాన్ని బట్టి 200 యూనిట్లకు మించకుండ, తమిళనాడులో రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితమనే పద్ధతులు వచ్చినవి. భిలాయిలోనో, ఖరగ్‌పూర్‌లోనో, భివాండిలోనో, సూరత్‌లోనో పనిచేస్తున్న మన తెలుగు కార్మికులకు రేట్లు వేరు కావచ్చును. సూత్రం మాత్రం ఒకటే: మీ రాష్ట్రంలో గీత ఎక్కడ గీచారో తెలుసుకొని, ఆ గీతకు ఇవతల ఉండడానికి ప్రయత్నించాలి. పొదుపు చేసిన ఆఖరి పది యూనిట్లకు ఉన్న విలువ మొదటి యాభై యూనిట్లకు లేదు.

నాలుగు వాటాలు – ఒక మీటరు

గత వేసవిలో ఒక పారిశ్రామికవాడలో శాఖా సమావేశానికి వెళ్లినప్పుడు, సభ్యులందరినీ తమ తమ కరెంటు బిల్లులు తీసుకొని రమ్మని కోరాము. నలభై మంది హాజరయితే పద్నాలుగు మంది మాత్రమే బిల్లు తేగలిగారు. మిగిలినవారు బిల్లు ఎన్నడూ చూడలేదు. వారు అద్దె ఇళ్లవారు. ఒక ఆవరణలో నాలుగు వాటాలు, నాలుగు కుటుంబాలు, ఒకే మీటరు. లోపల ఇంటి యజమాని పెట్టిన చిన్న మీటర్లు. యూనిటుకు తొమ్మిది రూపాయల చొప్పున నెలనెలా వసూలు.

నల్లబల్ల మీద లెక్క వేసి చూపించాము. ఒక్కొక్క కుటుంబం నెలకు 90 యూనిట్లు వాడుతున్నదనుకొందాము. నాలుగు కుటుంబాలకు కలిపి 360 యూనిట్లు. ఒకే మీటరు గనుక ఇది పై స్లాబులోకి పోయి, పైన చెప్పిన రేట్ల ప్రకారం ఛార్జీ 2,330 రూపాయలు అవుతుంది. యజమాని తొమ్మిది రూపాయల చొప్పున వసూలు చేసేది 3,240 రూపాయలు. అదే నాలుగు కుటుంబాలకు నాలుగు సర్వీసులు ఉన్నట్లయితే ఒక్కొక్కరికి 221 రూపాయల 50 పైసలు, నలుగురికీ కలిపి 886 రూపాయలు. అర్హత ఉన్నవారికి అదీ ఉండదు. ఒక కుటుంబం ఇప్పుడు చెల్లిస్తున్నది 810 రూపాయలు, చెల్లించవలసినది 221.50. నెలకు దాదాపు 590 రూపాయలు, ఏడాదికి ఏడు వేల రూపాయలు! ఎన్ని దీపాలు ఆర్పితే ఇంత సొమ్ము మిగులుతుంది?

ఆ సభలో ఒక సోదరుడు లేచి, "ఇల్లు మాది కాదు గదా, మీటరు మాకెవరిస్తారు?" అని అడిగాడు. చాలమందికి ఇదే అపోహ ఉన్నది. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షను ప్రకారం కనెక్షను కోసం దరఖాస్తు పెట్టుకొనే హక్కు ఇంటి యజమానికే గాక ఆ ఇంటిలో నివసించేవారికి కూడ ఉన్నది. 2020లో కేంద్రం జారీ చేసి 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు కొత్త కనెక్షనుకు మహానగరాలలో 3 రోజులు, ఇతర మునిసిపల్ ప్రాంతాలలో 7 రోజులు, గ్రామీణ ప్రాంతాలలో 15 రోజులు గడువుగా నిర్దేశించినవి. హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన ఇంటి యజమాని ఊరుకొంటాడని మేము అనడం లేదు. ఇల్లు ఖాళీ చేయమంటాడేమో అన్న భయం సహజం. అందుకే ఒంటరిగా పోవద్దని, ఆవరణలోని నాలుగు కుటుంబాలూ కలిసి, శాఖ ప్రతినిధిని వెంటబెట్టుకొని ముందుగా యజమానితో మాట్లాడవలసిందని సలహా ఇచ్చాము. ప్రత్యేక మీటరు వస్తే కరెంటు బాకీ పూచీ తనమీద ఉండదన్న సంగతి చాలమంది ఇంటి యజమానులకు తోచదు. అది చెప్పినప్పుడు మెత్తబడినవారూ ఉన్నారు.

ఇంటిలోని లెక్క

ఇప్పుడు ఇంటిలోకి వద్దాము. వెయ్యి వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఒక యూనిటు. ఈ ఒక్క సూత్రం తెలిస్తే ఇంటిల్లిపాది లెక్క ఎవరైనా వేసుకోవచ్చును. పరికరం మీద వాట్లు రాసి ఉంటాయి.

పాత రకం పంకా 75 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 33.75 యూనిట్లు. బి.ఎల్.డి.సి. మోటారు ఉన్న కొత్త రకం పంకా అదే గాలికి 30 వాట్లు తీసుకొంటుంది. నెలకు 13.50 యూనిట్లు. ఒక్క పంకా మీద 20 యూనిట్ల ఆదా. దాని ధర పాత రకం కంటె ఎక్కువే. అందువలన తిరుగుతున్న పంకాను పారవేయమని మేము చెప్పము. కాని అది కాలిపోయినప్పుడు మళ్లీ మళ్లీ చుట్టించే బదులు కొత్త రకం కొనడం మేలు. మన సహకార పరపతి సంఘాలు టీవీకి, మోటారు సైకిలుకు అప్పు ఇస్తున్నట్లే దీనికి కూడ చిన్న వాయిదాల మీద ఇవ్వవచ్చును. 2023 జనవరి నుండి పంకాల మీద నక్షత్రాల ముద్ర తప్పనిసరి అయింది. కొనేముందు ఆ ముద్ర చూడాలి. గోడకు ఇంకా పెద్ద పెట్టెవంటి పాత రెగ్యులేటరు ఉన్నట్లయితే అది పంకా వేగాన్ని తగ్గించినా మిగిలిన కరెంటును వేడిగా మార్చి వృథా చేస్తుంది. చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరుకు ఈ దోషం లేదు.

చోకు ఉన్న పాత ట్యూబులైటు చోకుతో కలిపి 55 వాట్ల వరకు లాగుతుంది. ఎల్.ఇ.డి. ట్యూబుకు 20 వాట్లు చాలు. 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుతురును 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఇస్తుంది. 2015 జనవరిలో ప్రారంభమైన ఉజాలా పథకం క్రింద దేశంలో 36 కోట్లకు పైగా ఇట్టి బల్బులు పంపిణీ అయినవి. అయినప్పటికీ వంటింటిలోను, స్నానాల గదిలోను, వరండాలోను పాత బల్బులు మిగిలిన ఇళ్లు ఉన్నవి. టీవీ ఆపినా దాని పక్కనున్న పెట్టె రేయింబవళ్లు కరెంటు తాగుతూనే ఉంటుంది. 10 వాట్లే అయినా నెలకు 7 యూనిట్లు. రిమోటుతో కాక గోడ స్విచ్చితో ఆపడం అలవాటు చేసుకోవాలి.

రెండు పాత పంకాలు, రెండు పాత ట్యూబులైట్లు, ఒక 60 వాట్ల బల్బు, ఫ్రిజ్జి, టీవీ కలిగి నెలకు 220 యూనిట్లు వాడే కుటుంబాన్ని తీసుకొందాము. పంకాలు మార్చితే 40, ట్యూబులు మార్చితే 12, బల్బు మార్చితే 7, టీవీ పెట్టెను వాడనప్పుడు ఆపితే 5. మొత్తం మీద దాదాపు 65 యూనిట్ల తగ్గుదల. 220 యూనిట్లకు తెలంగాణ రేట్ల ప్రకారం 1,174 రూపాయలు. 155 యూనిట్లకు 604 రూపాయలు. నెలకు 570 రూపాయల తేడా. వెలుతురు తగ్గలేదు, గాలి తగ్గలేదు.

ఫ్రిజ్జిని గోడకు ఆనించి పెట్టరాదు. వెనుక జానెడు చోటు ఉండాలి. తలుపు రబ్బరు మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా ఊడి వస్తే రబ్బరు మార్చవలసిందే. నీళ్లు కాచే ఇనుప కడ్డీ 1,500 వాట్లది అరగంట వాడితే ముప్పావు యూనిటు. నలుగురు నాలుగుసార్లు కాచుకొంటే రోజుకు మూడు యూనిట్లు. ఎండకాలంలో దాని అవసరమే లేదు. శీతల యంత్రం మన ఇళ్లలో ఇప్పుడిప్పుడే అడుగుపెడుతున్నది. ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచితే కరెంటు నూటికి 6 వంతులు తగ్గుతుందని ఇంధన సామర్థ్య సంస్థ అంచనా. 2020 జనవరి నుండి తయారైన యంత్రాలు 24 డిగ్రీల వద్దనే మొదలయ్యేటట్లు నిబంధన ఉన్నది. దానిని 18కి దించి, దుప్పటి కప్పుకొని పడుకోవడం వివేకం కాదు.

వంటింటి పొయ్యి

గ్యాసు బండ ధర విషయం అందరికీ తెలిసినదే. 2020 మే నెల తరువాత సాధారణ వినియోగదారులలో అత్యధికులకు సబ్సిడీ సొమ్ము రావడం ఆగిపోయింది. ధరను 2023 ఆగస్టులో 200 రూపాయలు, 2024 మార్చిలో మరొక 100 రూపాయలు తగ్గించి, 2025 ఏప్రిల్‌లో మళ్లీ 50 రూపాయలు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఏడాదికి మూడు బండల ఉచిత పథకం వచ్చింది. అయినా నెలకొక బండ కాలే ఇంటికి మిగిలిన తొమ్మిది బండల భారం ఉండనే ఉన్నది.

పొయ్యి వెలిగించకముందే కూరలు తరిగి, పప్పు, బియ్యం కడిగి నానబెట్టి, నీళ్లు కొలిచి సిద్ధం చేసుకోవాలి. గిన్నె మీద మూత ఉండాలి. ఎసరు పొంగిన తరువాత, కుక్కరు కూత వేసిన తరువాత మంట తగ్గించాలి. పెద్ద మంట మీద మరిగే నీరు చిన్న మంట మీద మరిగే నీటి కంటె వేడిగా ఉండదు, ఆవిరిగా మాత్రం ఎక్కువ పోతుంది. మంట నీలంగా ఉండాలి. పచ్చగా మారి గిన్నె అడుగు నల్లబడితే బర్నరు రంధ్రాలు పూడుకొన్నవని గుర్తు. ఈ జాగ్రత్తలతో నలభై రోజులు వచ్చే బండ నలభై ఎనిమిది రోజులు వచ్చినా ఏడాదికి ఒకటిన్నర బండ మిగులుతుంది.

బండ ఇంటికి వచ్చినప్పుడు తూచి తీసుకొనే హక్కు మనకున్నది. బండ మీద ముద్రించిన ఖాళీ బరువుకు 14.2 కిలోలు కలిపితే ఎంతవుతుందో అంత తూగాలి. గ్యాసుకు బదులు కరెంటు పొయ్యి వాడితే చౌక అనే ప్రచారాన్ని కూడ లెక్క వేసిగాని నమ్మరాదు. ఒక బండ చేసే వంటకు కరెంటు పొయ్యి మీద ఉరమరగా 130 యూనిట్లు పడుతుంది. ఆ 130 యూనిట్లు మీ ఇంటిని ఏ స్లాబులోకి నెడతాయో చూచుకోవాలి.

ఇక్కడ సోదర కార్మికులకు ఒక మాట చెప్పవలసి ఉన్నది. పొదుపు అనగానే "ఆమెకు చెప్పాను" అని చేతులు దులుపుకొనే అలవాటు మనలో ఉన్నది. నలుగురు నాలుగు వేళల్లో వచ్చి నాలుగుసార్లు కూర వేడి చేయమంటే గ్యాసు ఎట్లా మిగులుతుంది? పొదుపు భారం అంతా ఇల్లాలి నెత్తిన రుద్దడం మన సంఘ సంస్కృతికి తగదు. అట్లే రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు నిద్రపోయే కార్మికుని మీద పంకా ఆపడం పొదుపు కాదు. నిద్రలేనివాని చేయి యంత్రం దగ్గర ఏమవుతుందో మనకు తెలుసు. రేకుల కప్పు క్రింద నివసించేవారు వేసవికి ముందే కప్పు మీద తెల్లని సున్నమో, చలువ పూతో వేయించుకొంటే లోపలి వేడి కొంత తగ్గుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానాన్నే ప్రకటించింది. యాజమాన్యాల క్వార్టర్ల కప్పులకు ఈ పూత వేయించవలసిందని మన డిమాండ్ల పట్టికలో చేర్చాలి.

కలిసి చేయవలసిన పని

ఇంటింటి పొదుపుకు హద్దు ఉన్నది. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం ఇంటికప్పు మీద సౌరఫలకాలకు ఒక కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడు లేదా అంతకు మించినవాటికి 78,000 రూపాయల సహాయం ఇస్తున్నది. కిలోవాటు ఫలకం నెలకు నూరు యూనిట్లకు పైగా ఇస్తుంది. మంచిదే. కాని సొంత కప్పు లేని కార్మికునికి ఇందులో ఏమున్నది? మన జనంలో చాలమందికి సొంత కప్పు లేదు. కావున క్వార్టర్ల కప్పులమీద, కార్మిక సహకార గృహ నిర్మాణ సంఘాల భవనాలమీద ఫలకాలు వేసి, వచ్చిన కరెంటును అందులో నివసించే కుటుంబాల బిల్లులలో తగ్గించాలని కోరవలసి ఉన్నది.

రేట్ల విషయం అంతకంటె పెద్దది. విద్యుత్ చట్టం 64వ సెక్షను ప్రకారం టారిఫు నిర్ణయించే ముందు నియంత్రణ కమిషను ప్రజల సూచనలను, అభ్యంతరాలను పరిశీలించి తీరాలి. బహిరంగ విచారణలలో పారిశ్రామికవేత్తల సంఘాలు లాయర్లతో, లెక్కలతో హాజరవుతున్నవి. గృహ వినియోగదారుల తరఫున మాట్లాడేవారు వేళ్లమీద లెక్కించదగినంత మందే. 2000 సంవత్సరంలో కరెంటు ఛార్జీల పెంపుకు వ్యతిరేకంగా రాష్ట్రమంతటా సాగిన ఉద్యమంలో, ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్ వద్ద పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయినవి. ఆ త్యాగం ఫలితంగా చాల సంవత్సరాలు ఏ ప్రభుత్వమూ గృహ వినియోగదారుల జోలికి పోవడానికి సాహసించలేదు. వీధిలో అంత ధైర్యం చూపినవారము విచారణ గదిలో మాట్లాడకుండ ఉండడం తగదు.

ఒక్క యూనిటు కరెంటు పుట్టడానికి థర్మల్ కేంద్రంలో ఇంచుమించు ముప్పావు కిలో బొగ్గు కాలుతుంది. ఆ బొగ్గును సింగరేణిలోనో, మరొక గనిలోనో మన సోదరుడే తవ్వాడు. దానిని రైలు మీద మరొక సోదరుడు చేరవేశాడు. బాయిలరు దగ్గర ఇంకొకడు చెమటోడ్చాడు. తీగ తెగినప్పుడు వానలో స్తంభమెక్కిన లైన్‌మన్ కూడ మనవాడే. అంతమంది శ్రమను ఎవరూ లేని గదిలో తిరిగే పంకాకు ధారపోయడం కార్మికునికి శోభించదు.

కావున అన్ని శాఖలకు ఈ క్రింది కర్తవ్యాలను సూచిస్తున్నాము. ప్రతి సభ్యుడు నెలలో ఒక నిర్ణీత తేదీన తన మీటరు రీడింగును ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. రీడింగు నెల దాటి ఆలస్యంగా తీసినందువలన స్లాబు మారినట్లు కనిపిస్తే వెంటనే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవాలి. జవాబు రానియెడల వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా న్యాయం జరగనియెడల విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు పోవాలి. ఈ రెండు సంస్థలనూ చట్టం 42వ సెక్షను ఏర్పరచింది. ప్రతి శాఖలో బిల్లులు చదవగల ఇద్దరు సభ్యులను తయారు చేయాలి. వారిలో ఒకరు మహిళ కావాలి. ఒకే మీటరు క్రింద నలిగిపోతున్న కుటుంబాల పట్టిక తయారు చేసి, విడి సర్వీసులకు దరఖాస్తులు పెట్టించాలి. రాష్ట్ర కమిటీలు రాబోయే టారిఫు విచారణలకు అభ్యంతరాలు దాఖలు చేయాలి. ఇంధన పద్దు బరువును కార్మికుని అసలు ఖర్చుకు తగినట్లు సవరించాలన్న కోర్కెకు బలం చేకూర్చడానికి, సభ్యుల ఇంటి లెక్కలను సేకరించి కేంద్ర కార్యాలయానికి పంపాలి. మాటలతో కాక లెక్కలతో వాదించినప్పుడే ఎదుటివాడు వింటాడు.

పైన చెప్పిన శాఖలో ఆ నలభై మంది ఇప్పుడు జీతం చీటితో పాటు కరెంటు బిల్లును కూడ గేటు దగ్గరకు తెస్తున్నారు. ఇటీవల అక్కడినుండి వచ్చిన ఉత్తరంలో కార్యదర్శి, మూడు ఆవరణలలో విడి మీటర్లు వచ్చినవని, ఒక యజమాని మాత్రం ఇంకా మొండికేస్తున్నాడని, ఆయనతో చర్చలు సాగుతున్నవని రాశారు. ఇట్టి ఉత్తరాలు ప్రతి శాఖనుండి రావాలని కోరుతున్నాము. జీతం పెంచుకొనే పోరాటం ఫ్యాక్టరీ గేటు దగ్గర ముగియదు. ఆ జీతం ఇంటికి చేరి, ఇంటిలో నిలిచి, పిల్లల చదువుకు, తిండికి ఉపయోగపడే వరకు అది సాగుతుంది.